వంత పాడేవాళ్ళ మాట

తెలుగు దినపత్రిక ఏది తిరగేసినా తరచుగా కంటబడే మాట ‘వంత పాడటం’. ఫలానా పార్టీ కేంద్రానికి వంత పాడుతోంది. ఫలానా అధికారి పైవాళ్ళకు వంత పాడాడు. ఆ వాక్యాల్లో పాట ఉండదు, పాడే గొంతూ ఉండదు. సొంత ఆలోచన లేకుండా పెద్దవాడు అన్నదే మళ్ళీ అనేవాణ్ణి ఎత్తిపొడవడానికే ఆ మాట మిగిలింది. ఇప్పటి పిల్లల్లో చాలామందికి వంత అంటే ఒక పాట తీరు అని తెలియదు. పొగడటమో, అడుగులకు మడుగులొత్తడమో అనుకుంటారు.

పెద్దతిప్పసముద్రం చుట్టుపక్కల పల్లెల్లో చెక్కభజన విని పెరిగినవాళ్ళకు ఇది బాధ కలిగించే సంగతి. అక్కడ వంత పాడటం ఒక పని, ఒక నేర్పు. ఊరికే రాదు. నేర్పేవాడు ఉండాలి, నేర్చుకునేవాడికి చెవి ఉండాలి. పది మంది గొంతులు ఒక్కటై వినిపించడానికి నెలల తరబడి రాత్రిళ్ళు కూర్చోవాలి. అంత కష్టపడి సంపాదించే విద్య పేరు ఒక తిట్టుగా ఎలా మారింది?

మారింది వంత ఒక్కటే కాదు. పదిమంది కలిసి పాడే పాటకు సంబంధించిన మన మాటలన్నీ వరసగా ఇదే గతి పట్టాయి. ‘భజన చేయడం’ అంటే ముఖస్తుతి. ‘భజనపరుడు’ అంటే ఆ పని చేసేవాడు. ఒకడు తాన అంటే ఇంకొకడు తందాన అంటాడని వెక్కిరిస్తాం. ‘తాళం వేయడం’ కూడా అంతే. కుప్పం దాటి తమిళం మాట్లాడే ఊళ్ళలోకి వెళితే అక్కడా ఇదే కథ. భజనలో వాయించే తాళాలను వాళ్ళు జాల్రా అంటారు. ‘జాల్రా కొట్టడం’ వాళ్ళకూ తిట్టే. అదే పనిని సంస్కృత సమాసంలో చెబితే మాత్రం గౌరవం చెక్కుచెదరదు. సభ ఒక తీర్మానాన్ని ‘ముక్తకంఠంతో’ ఆమోదించింది అంటే ఎవరూ నవ్వరు. ‘ఏకగళంతో’ అన్నా గంభీరంగానే ఉంటుంది. పల్లెలో పుట్టిన మాటకు పట్టిన దుర్గతి పండితుల మాటకు పట్టలేదు. కచేరీలో ఒక్కడే కూర్చుని పాడేవాణ్ణే విద్వాంసుడిగా లెక్కగట్టి, వెనక నిలబడి గొంతు కలిపేవాణ్ణి కూలివాడి కింద జమకట్టిన చూపే దీనికి కారణమని నేను నమ్ముతాను.

వంత అనే రూపానికి పాత నిఘంటువుల్లో రెండు అర్థాలున్నాయి. ఒకటి, పాటలో ముఖ్యగాయకుడు అన్నదాన్ని అందుకుని పాడే తోడుపాట. రెండోది దుఃఖం. కావ్యాలు చదివినవారికి రెండోదే ఎక్కువ పరిచయం. మహాభారతాన్ని తెనిగించిన కవుల కాలంనుంచీ వంత అంటే మనోవ్యథ. వంతపడటం, వంత తీరటం ఆ భాషలో మామూలు ప్రయోగాలు. ఈ రెండూ వేర్వేరు మాటలు, రూపం ఒక్కటి, అంతే. వ్యుత్పత్తి చూపించి వాటికి చుట్టరికం కలపాలని నాకు లేదు. మా వైపు పల్లెల్లో చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్ళు రాగం తీసి ఏడవడం విన్నవారికి మాత్రం అవి ఒకే చోట కూర్చున్నట్టు కనిపిస్తాయి. ఒకామె పోయినవాడి మంచిని తలుచుకుంటూ రాగం ఎత్తుకుంటుంది. గొంతు పూడుకుపోయిన చోట పక్కనున్న వదినో పిన్నమ్మో అందుకుంటుంది. ఆ అందుకోవడంలో పొగడ్త ఏముంది? ఒక మనిషి మోయలేని బరువుకు ఇంకో మనిషి భుజం ఇవ్వడం అది.

పక్కనే ఉన్న ఇంకో మాట వంతు. వాటా అని ఒక అర్థం, ఒకరి తర్వాత ఒకరికి వచ్చే తరుణం అని ఇంకో అర్థం. చెరువు నీళ్ళు వంతులవారీగా కట్టుకుంటాం. పోటీ పడటాన్ని వంతులకు పోవడం అంటాం. నిఘంటువులో ఇది వేరే మాటగానే ఉంది. అయినా కలిసి పాడేవాళ్ళ పని దగ్గరగా చూస్తే వంతకూ వంతుకూ మధ్య దూరం పెద్దగా కనిపించదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ముందు బుర్రకథ చూద్దాం. మధ్యలో తంబుర పట్టుకుని, వేళ్ళకు అందెలు తొడుక్కుని కథకుడు. అటొకరు, ఇటొకరు గుమ్మెటలతో ఇద్దరు. వాళ్ళనే వంతలంటారు. ఒకరు హాస్యం చెప్పేవారు, ఇంకొకరు రాజకీయం చెప్పేవారు. తందాన తాన అని కథకుడి పాటను అందుకునేది వాళ్ళే. వాళ్ళ పని అంతటితో అయిపోదు. కథకుడు ఒక మాట అనగానే ‘అదేందన్నా, అట్లంటావు?’ అని నిలదీసేవాడు వంత. జనానికి అర్థం కాని చోట అర్థం కానట్టు నటించి విడమర్చి చెప్పించేవాడు వంత. కథ నడిచేది పాతకాలంలోనైనా ఈనాటి ధరలనూ దొరతనాన్నీ మధ్యలోకి లాక్కొచ్చి చురక పెట్టేవాడూ వంతే. షేక్ నాజర్ బుర్రకథను ప్రజానాట్యమండలి వేదికలమీద ఊరూరా మోగించిన 1940లలో దొరతనానికి కంటగింపుగా ఉన్నది కథకుడి గొంతు ఒక్కటే కాదు, ఈ ఇద్దరి చమత్కారం కూడా. పెద్దవాడు అన్నదల్లా అనేవాడే వంతగాడైతే బుర్రకథ పది నిమిషాలు కూడా నడవదు. వంత పాడటం అంటే ప్రశ్న అడగకపోవడం అనే అర్థాన్ని మన పత్రికలు ఎక్కడినుంచి తెచ్చుకున్నాయో గానీ, బుర్రకథ చూసి మాత్రం తెచ్చుకోలేదు.

పుంగనూరు, కుప్పం వైపు ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం జరిగే రోజుల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం. కిరీటం, భుజకీర్తులు కట్టుకుని గిరగిరా తిరిగే వేషగాడు తన పాటలో ఒక చరణం ఎత్తుకుని ఆటలో పడతాడు. వెనక నిలబడ్డవాళ్ళు ఆ చరణాన్ని అందుకుని వదలకుండా పాడతారు. వాళ్ళు పాటను మోస్తే అతడు ఆటను మోస్తాడు. తెల్లవార్లూ సాగే నాటకంలో దుర్యోధనుడి గొంతు నిలబడిందంటే ఆ పుణ్యం వంతలది.

ఇక చెక్కభజన. చేతిలో ఇమిడే చెక్కలు, వాటి మధ్య గలగలలాడే ఇత్తడి బిళ్ళలు, కాళ్ళకు గజ్జెలు. గురువు మధ్యలో నిలబడి పాట ఎత్తుకుంటే చుట్టూ వలయంగా తిరిగే కుర్రాళ్ళు అందుకుంటారు. మొదట అడుగు నేర్పుతారు. అడుగు కుదిరాక చెక్క, చెక్క కుదిరాక పాట. చాలా ఊళ్ళలో గజ్జెపూజ చేసిగానీ పదిమందిలో ఆడనివ్వరు. ఈ నేర్పులో ఒక మాట చాలాసార్లు వినబడుతుంది. కుర్రాడు ఉత్సాహంకొద్దీ గొంతు చించుకుని అరుస్తుంటాడు. గురువు పాట ఆపి, ‘పక్కోడి గొంతు నీకు వినపడతా ఉండాదా లేదా నాయనా? వినపడకుంటే నువ్వు ఎక్కువ అరస్తా ఉండావని లెక్క’ అంటాడు. ప్రపంచంలో ఏ దేశపు క్వయర్‌కు వెళ్ళినా, ఎంత పెద్ద సంగీత కళాశాలలో చదివిన శిక్షకుణ్ణి అడిగినా, చెప్పే తొలి పాఠాల్లో ఇదొకటి. నీ గొంతు పక్కవాడి గొంతుకన్నా పైకి లేస్తే బృందం చెడింది. నీకు నీ గొంతూ, పక్కవాడి గొంతూ సమంగా వినబడితే కుదిరింది.

ఈ పాఠాన్ని మన శాస్త్రం కూడా చెప్పింది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’ రాశాడు. తర్వాతి కాలంలో మన సింగభూపాలుడు దానికి ‘సంగీత సుధాకరం’ అనే వ్యాఖ్య రాశాడు. రత్నాకరంలో బృందం అనే మాటకు కచ్చితమైన లెక్క ఉంది. ఉత్తమ బృందానికి నలుగురు ముఖ్యగాయకులు, వారితో సమంగా పాడే ఎనిమిది మంది, పన్నెండు మంది గాయనులు, నలుగురు వేణువు వాయించేవారు, నలుగురు మృదంగం వాయించేవారు. అంటే 32 మంది. మధ్యమ, కనిష్ఠ బృందాలకు అంతకన్నా తక్కువ. మన సంప్రదాయంలో సంగీతమంటే ఒంటరి గొంతే, కలిసి పాడటం దొరలు తెచ్చిన పద్ధతి అనేవారికి ఈ లెక్క ఒక్కటి చూపిస్తే చాలు.

అంతకన్నా విలువైనవి శార్ఙ్గదేవుడు చెప్పిన ఆరు బృందగుణాలు. ముఖ్యగాయకుణ్ణి అనుసరించడం. గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం. తాళంలో లీనమై నడవడం. ఒకరి పాట తెగిన చోట ఇంకొకరు నిర్వహించడం. మంద్ర, మధ్య, తార స్థాయిలు మూడింట్లోనూ పాడగలగడం. అందరి శబ్దం ఒకే తీరుగా ఉండటం. వీటిలో నాలుగోదాని దగ్గర ఆగాలనిపిస్తుంది. తెగినదాన్ని పరస్పరం నిలబెట్టుకోవడం అన్నది అక్షరాలా వంతగాళ్ళ పని.

అది ఎలా జరుగుతుందో దగ్గరగా చూడండి. ఒక పొడుగాటి స్వరం ఉంది. పదహారు అక్షరాల కాలం దాన్ని కదలకుండా నిలపాలి. పదమూడేళ్ళ పిల్లకు అంత ఊపిరి ఉండదు. ఎనిమిదో అక్షరానికే రొమ్ము ఖాళీ అవుతుంది. అందరూ ఒకేచోట ఊపిరి పీలిస్తే పాటకు అక్కడ గండి పడుతుంది. కాబట్టి శిక్షకుడు పిల్లలకు ఒక ఒప్పందం నేర్పుతాడు. పక్కనున్న పిల్ల ఊపిరి తీసుకునేటప్పుడు నువ్వు తీసుకోకూడదు. ఆ పిల్ల తిరిగి పాటలోకి వచ్చాక నువ్వు వదిలి, పీల్చుకుని, వదిలిన స్వరంమీదికే చప్పుడు లేకుండా తిరిగి చేరాలి. గట్టిగా ఎత్తుకుంటే దొరికిపోతావు. ఇలా వంతులవారీగా ఊపిరి తీసుకుంటే ముప్ఫైమంది పిల్లలు నిమిషంసేపైనా ఒక స్వరాన్ని తెగకుండా నిలపగలరు. వినేవారికి ఎవరూ ఊపిరి తీసుకున్నట్టే ఉండదు. పాడేవాళ్ళలో ప్రతి ఒక్కరూ తీసుకునే ఉంటారు. వంతకూ వంతుకూ ఉన్న చుట్టరికం ఇక్కడ కనిపిస్తుంది.

ఇక మదనపల్లె సంగతి. తెలుగునేలమీద వంత పాడిన చోట్లన్నిట్లోకీ నేను ముందుగా తలుచుకునేది దీన్నే. అనీబిసెంట్ 1915లో పెట్టిన దివ్యజ్ఞాన కళాశాల అక్కడ ఉంది. 1919 ఫిబ్రవరి చివరివారంలో రవీంద్రనాథ్ ఠాగూర్ దక్షిణదేశ యాత్రలో భాగంగా వచ్చి అక్కడ కొద్దిరోజులు విశ్రాంతి తీసుకున్నారు. ఐర్లండునుంచి వచ్చిన కవి జేమ్స్ కజిన్స్ కళాశాల బాధ్యతల్లో ఉన్నారు. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో సంగీతంలో పట్టా పొందిన విదుషి. ఆ కళాశాలలో వారానికో రాత్రి పిల్లలూ పంతుళ్ళూ కలిసి కూర్చుని పాటలు పాడుకునే అలవాటుంది. ఆ కూటానికి ఠాగూర్ వచ్చారు. ఏదైనా పాడమంటే, 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి పాడిన తన బెంగాలీ పాట ఒకటి ఎత్తుకున్నారు.

ఆ రాత్రి జరిగినదాన్ని కజిన్స్ దంపతులు 1950లో వచ్చిన తమ ఆత్మకథలో రాసుకున్నారు. పాట మొదట్లో దేశాల పేర్లు, కొండలు, నదులు వినబడితే భూగోళం పాఠంలా ఉందనుకున్నారట. మొదటి చరణం చివర జయం పలికే వంత దగ్గరికి వచ్చేసరికి చెవులు నిక్కబొడుచుకున్నాయి. రెండో చరణం వంతకు గొంతులు సవరించుకున్నారు. మళ్ళీ మళ్ళీ పాడమని అడిగి, కాసేపటికి అందరూ కలిసి ఆ వంతను అందుకున్నారు. ఆ జయం ఎవరికో, దేనికో అప్పటికి వాళ్ళకు తెలియదు. తెలియకపోయినా గొంతెత్తి పాడారు.

ఈ చివరి సంగతే నన్ను చాలా ఆలోచింపజేసింది. అర్థం తెలియకుండా ఎదుటివాడి మాటను అందుకున్నారు కదా, మరి పత్రికలవాళ్ళు అనే ‘వంత పాడటం’ ఇదే కాదా? ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే న్యాయమైనదే. జవాబు ఆ తర్వాతి రోజుల్లో ఉంది. పాట నోటికి వచ్చాక వాళ్ళు ఊరుకోలేదు. అర్థమేమిటని అడిగారు. ఠాగూర్ చెప్పారు. చెప్పడమే కాకుండా అక్కడే కూర్చుని పాటనంతా ఇంగ్లీషులోకి తిప్పి ‘భారతదేశపు ఉదయగీతం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ ప్రతిమీద మదనపల్లె పేరు, 1919 ఫిబ్రవరి 28 తేదీ ఉన్నాయి. బాణీ చెదిరిపోకుండా మార్గరెట్ స్వరలిపి రాశారు, ఠాగూర్ దాన్ని మెచ్చారు. ఆ కళాశాల పిల్లలు దాన్ని ఉదయప్రార్థనగా పాడుకున్నారు. దేశానికి ఇదే జాతీయగీతం కావాలని జేమ్స్ కజిన్స్ 1937లో పత్రికకు రాశారు. 1950 జనవరి 24న రాజ్యాంగసభ ఆ పని చేసింది.

పొగిడేవాడు అర్థం అడగడు. అతడికి అర్థంతో పనిలేదు, పెద్దవాడి ముఖం వెలిగితే చాలు. వంత పాడినవాడికి పాట తన నోట్లోకి వచ్చింది కాబట్టి అది తనదైపోతుంది. తనదైన పాటలో ఏముందో తెలుసుకోకుండా ఉండలేడు. మదనపల్లె పిల్లలు వంత అందుకోకపోతే అర్థం అడిగేవాళ్ళు కాదు. అడగకపోతే ఆ అనువాదం అక్కడ పుట్టేది కాదు. బుర్రకథ వంతగాడు ‘అదేందన్నా’ అని అడిగినట్టే వాళ్ళూ అడిగారు.

బెంగాలీ కవి పాట, ఐరిష్ దంపతుల ఆతిథ్యం, తెలుగు తమిళ కన్నడ సీమల కూడలి ఊరు. ఆ రోజు ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. వాళ్ళను కలిపింది పాటలో అన్నిటికన్నా సులువైన ముక్క. ఏ దేశంలోనైనా వంతను సులువుగా కడతారు. ఒకటి రెండు మాటలు, ఎక్కువసార్లు తిరిగి వచ్చే స్వరాలు. మన సువ్వి పాటల్లో సువ్వి, బతుకమ్మ పాటల్లో ఉయ్యాలో, పడవ లాగేవాళ్ళ హైలెస్సా, గొబ్బి తట్టే పిల్లల గొబ్బిళ్ళో, ఇవన్నీ ఆ కోవలోవే. పాట రానివాడికి కూడా పాటలో చోటు ఇవ్వడానికి పెట్టిన తలుపులు అవి. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అని పేర్లు చెప్పాడంటే ఆ పేర్ల వెనక గొంతులు కలిపిన జనం ఉన్నారు. పాడిన ఒక్కొక్కరి పేరూ మనకు అందలేదు.

మన పాత చిత్తూరు జిల్లాలోనే పుట్టి ఈ విద్యను దేశమంతటా నాటిన మనిషి ఒకరున్నారు. ఎం.బి. శ్రీనివాసన్. 1925 సెప్టెంబరు 19న చిత్తూరులో, ఒక తమిళ కుటుంబంలో పుట్టారు. మలయాళ సినిమాలకు సంగీతం కట్టి పేరు తెచ్చుకున్నారు. సినిమా రంగంలో వాయిద్యకారులను కూడగట్టి సంఘం పెట్టినవారిలో ఆయన ముందువరసలో ఉన్నారు. 1970ల తొలినాళ్ళలో మద్రాస్ యూత్ క్వయర్ స్థాపించారు. అంతకు ముందే బెంగాల్, బొంబాయిలలో సలిల్ చౌదరి, రుమా గుహ ఠాకుర్తా వంటివారు ఇలాంటి యువ బృందాలను నిలబెట్టారు. కలకత్తా యూత్ క్వయర్ పుట్టింది 1958లో. శ్రీనివాసన్ దక్షిణాదిలో ఆ పనికి పూనుకుని, అనేక భారతీయ భాషల పాటలను యువతీయువకులకు నేర్పారు. అందరూ ఒకే బాణీ పాడటంతో ఆగకుండా, ఒక వరుసవాళ్ళు పైస్వరాల్లో, ఇంకో వరుసవాళ్ళు కిందిస్వరాల్లో వేర్వేరు నడకలు నడుస్తూ ఒకే పాటగా కలిసేట్టు అమర్చారు. మన రాగానికి భంగం రాకుండా ఇలా చేయడం చాలా కష్టం. పక్కవరుస పాడే వేరే స్వరం చెవిన పడుతుంటే తన స్వరంమీద నిలబడాలి, అదే సమయంలో ఆ పక్కస్వరాన్ని వింటూనే ఉండాలి. ఇక్కడ వంత పాడటమంటే ఎవరి వంతు వాళ్ళు పాడటం.

1980లలో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి బడుల్లో సామూహిక గానాన్ని ఉద్యమంగా తీసుకున్నప్పుడు టీచర్లకు శిబిరాలు పెట్టి పలు భాషల పాటలు నేర్పారు. అస్సామీ పాట తెలుగు పిల్లల నోట, తెలుగు పాట పంజాబీ పిల్లల నోట వినిపించాలన్నది ఆలోచన. శ్రీనివాసన్ ఆ పనిలోనూ ఉన్నారు. 1988 మార్చి 9న లక్షద్వీప్‌లో కన్నుమూశారు. మద్రాస్ యూత్ క్వయర్ ఆయన తర్వాతా పాడుతూనే ఉంది. తిరువనంతపురంలో ఆయన పేరుతోనే ఒక యువ బృందం ఉంది. పుట్టిన చిత్తూరులో ఆయన పేరు ఎంతమందికి తెలుసు? తెలియాల్సినంతగా తెలియదు.

ఇలాంటి యువ బృందాలు బయటి దేశాల్లోనూ ఉన్నాయి. బ్రిటన్‌లో కార్ల్ బ్రౌనింగ్ 1983లో జాతీయ యువ క్వయర్ పెట్టారు. అలాంటి బృందాలు దేశం నలుమూలలనుంచీ పిల్లల్ని గొంతు పరీక్షించి ఎంచుకుంటాయి, సెలవుల్లో శిబిరాలు పెట్టి తర్ఫీదు ఇస్తాయి, ఆ తర్వాత పెద్ద వేదికలు ఎక్కిస్తాయి. ఈస్టోనియాలో 1869నుంచి పాటల పండుగ జరుగుతోంది. వేలమంది ఒకే వేదికమీద నిలబడి పాడతారు. మనకూ అంత సంఖ్య కొత్త కాదు. 2009 మేలో సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో సిలికానాంధ్ర జరిపిన లక్ష గళార్చనలో లక్షమందికి పైగా అన్నమయ్య కీర్తనలు కలిసి పాడారు. మనకు లోటు ఉన్నది రోజువారీ సాధనలో. క్రైస్తవ చర్చిల్లో మాత్రం అది నిలిచింది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం మొదలు చిన్న పల్లె చర్చిదాకా వారంవారం కూర్చుని పాట నేర్చుకునే అలవాటు పోలేదు. మదనపల్లె పక్కనే ఉన్న రిషివ్యాలీ బడిలో పొద్దున్నే పిల్లలందరూ కలిసి పాడటం దశాబ్దాలుగా సాగుతోంది. సర్కారు బడిలో ఈ అదృష్టం ఎందరికుంది?

సర్కారు బడి అనగానే ఉదయం ప్రార్థన గుర్తొస్తుంది. ఒక పిల్ల ముందుకు వచ్చి ప్రతిజ్ఞ చెబుతుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. పైడిమర్రి వెంకటసుబ్బారావు 1962లో తెలుగులో రాసిన ప్రతిజ్ఞ ఈ దేశంలో కోట్లమంది పిల్లల నోట వంతగానే పలుకుతోంది. ఆ తర్వాత జాతీయగీతం. పూర్తిగా పాడితే 52 సెకన్లు. ఆ కాస్త సమయానికీ చాలాచోట్ల మైకులో రికార్డు పెట్టేస్తున్నారు. పిల్లలు పెదవులు కదుపుతారు. పాడించే చోట ఇంకో ఇబ్బంది ఉంది. టీచరమ్మ తన గొంతుకు అనువైన శ్రుతిలో ఎత్తుకుంటుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లలకు గొంతు మారే వయసు అది. పైస్థాయి అందదు, అందుకోబోతే గొంతు చీలుతుంది, పక్కవాళ్ళు నవ్వుతారు. ఆ రోజునుంచి ఆ పిల్లవాడు పాడటం మానేస్తాడు. జీవితంలో మళ్ళీ పాడనివాళ్ళు ఎందరో. శ్రుతిని రెండు మెట్లు దించి, ఆ పిల్లల్ని ఒక వరుసగా నిలబెట్టి, కిందిస్థాయిలో పాడుకోనిస్తే సరిపోయేది. శార్ఙ్గదేవుడు మూడు స్థాయిలూ అందుకోగల బృందం కావాలన్నది ఇందుకే.

మరి ఇలాంటి బృందాన్ని తెలుగులో ఏమని పిలవాలి? క్వయర్ అంటున్నాం, తప్పులేదు. బృందగానం అన్నది ఆకాశవాణిలోనూ బడుల్లోనూ స్థిరపడింది. సామూహిక గానం సర్కారు ఉత్తర్వుల భాష. గోష్ఠిగానం తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనను, భజన గోష్ఠులను తలపిస్తుంది. ఇవన్నీ ఉండనీయండి. వీటిలో ఏదీ పాడే మనిషికి పేరు ఇవ్వదు, అతడు చేసే పనినీ చూపించదు. వంత ఆ రెండూ చేస్తుంది. అది పాటలో భాగం పేరు, పాడేవాడి పేరు, పాడే పని పేరు కూడా.

మా పెద్దతిప్పసముద్రం పేరులో సముద్రం ఉంది. ఉన్నది చెరువే. రాయలసీమలో ఎన్నో ఊళ్ళవాళ్ళు తాము తవ్వుకున్న చెరువును సముద్రమని పిలుచుకున్నారు. నీళ్ళ విలువ తెలిసినవాళ్ళు కాబట్టి మాటను అంత ఎత్తుకు తీసుకెళ్ళారు. అదే సీమ వంత అనే మాటను ఇంత కిందికి దిగనిచ్చిందంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

అందుకే రెండు మనవులు. మొదటిది పత్రికల్లో రాసే మిత్రులకు. పొగడటానికి తెలుగులో మాటలకు కరువు లేదు. కాకా పట్టడం ఉంది, ఇచ్చకాలాడటం ఉంది, అడుగులకు మడుగులొత్తడం ఉంది, గంగిరెద్దులా తలూపడం ఉంది. వాటిని వాడండి. పార్టీల తగాదాల్లోకి వంతను లాగకండి. రెండోది బడుల్లో పనిచేసే అయ్యవార్లకు, టీచరమ్మలకు. ఈసారి ఆగస్టు పదిహేనుకు రికార్డు పక్కన పెట్టి పిల్లల చేత పాడించండి. శ్రుతి దించి ఎత్తుకోండి. మీ ఊళ్ళో చెక్కభజన నేర్పే పెద్దాయన ఉంటే రెండు వారాలు బడికి పిలవండి. పాటకు ముందు మదనపల్లెలో 1919లో ఆ పాటకు వంత పాడింది మీలాంటి పిల్లలేనని వాళ్ళకు చెప్పండి.